డిస్క్‌ బ్రేకు గుసగుసలాడుతోందా!

ముచ్చటపడి కొన్న మౌంటెన్‌ బైక్‌. చక్రం తిరిగినప్పుడల్లా 'స్స్‌... స్స్‌...' అంటూ ఒకటే చప్పుడు. గొలుసుకు వేసినట్టే డిస్కుకీ ఓ నూనె చుక్క వేస్తే పోదూ అనిపిస్తుంది. ఆ పని మాత్రం అస్సలు చేయకూడదు!

హైడ్రాలిక్‌ బ్రేకులో తీగ ఉండదు. లీవరు నొక్కితే గొట్టంలోని ద్రవం పిస్టన్లను తోస్తుంది. అవి రెండు ప్యాడ్లను డిస్కుకేసి అదుముతాయి. వదిలేశాక ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య మిగిలే సందు మిల్లీమీటరులో కొద్ది భాగమే. చక్రం రవ్వంత పక్కకు జరిగినా రాపిడి తప్పదు.

అందుకే ముందుగా చక్రం ఫోర్కులో సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. అయినా చప్పుడు ఆగకపోతే క్యాలిపర్‌ను పట్టి ఉంచే రెండు బోల్టుల్నీ కాస్త వదులు చేయాలి. లీవరు గట్టిగా నొక్కిపట్టి, వాటిని ఒకటి మార్చి ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. చాలాసార్లు క్యాలిపర్‌ తనంతట తానే మధ్యకు వచ్చేస్తుంది.

చప్పుడు ఆగి ఆగి వస్తుంటే డిస్కు వంకర పోయిందన్నమాట. ఆగకుండా వస్తుంటే దుమ్ముకు పిస్టన్‌ బిగుసుకుపోయి ఉండొచ్చు. ఈ రెండూ మెకానిక్‌కి అప్పగించడమే మేలు. చక్రం విప్పి ఉన్నప్పుడు మాత్రం లీవరు నొక్కొద్దు, ప్యాడ్లు దగ్గరకొచ్చి అతుక్కుపోతాయి.

మరి నూనె చుక్క సంగతి? ప్యాడ్లు దాన్ని పీల్చేసుకుంటాయి. చప్పుడు పోవచ్చు... దాంతోపాటే ఘాట్‌ రోడ్డు మలుపులో బ్రేకూ పోతుంది!