పిల్లల ‘వద్దు’కు విలువ ఇంట్లోనే మొదలు

ఇంటికి చుట్టాలు వస్తే చాలా ఇళ్లలో వినిపించే మాట ‘మామయ్యకు ఒక ముద్దిచ్చిరా’. పిల్ల వెనక్కి జరిగితే ‘తప్పమ్మా, ఏమనుకుంటారు?’ అంటూ ముందుకు తోస్తారు. ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. అయినా ఆ పిల్ల ఒక పాఠం నేర్చుకుంటుంది: ఇష్టం లేకపోయినా పెద్దవాళ్లు దగ్గరకు తీసుకుంటే కాదనకూడదు. పిల్లల భద్రత దృష్టితో చూస్తే ఇది ప్రమాదకరమైన పాఠం.

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఇందుకు కారణం చూపుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడగా, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నట్లు చెప్పారు. వారిలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, వారు నమ్మిన స్థానాల్లో ఉన్నవారు. చాలామంది పిల్లలు ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. అంటే ‘కొత్తవాళ్లతో మాట్లాడకు’ అనే ఒక్క జాగ్రత్త సరిపోదు.

స్పర్శను మెదడు ఎలా చదువుతుంది?

వెంట్రుకలుండే మన చర్మంలో ‘సి-టాక్టైల్’ అనే సన్నని నాడీ తంతువులు ఉంటాయి. సెకనుకు సుమారు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో మృదువుగా నిమిరితే ఇవి బాగా స్పందిస్తాయి. అమ్మ ఒడిలోని హాయికి వీటితో సంబంధం ఉంది. అయితే హాయిని నిర్ణయించేది చర్మం ఒక్కటే కాదు. 2012లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఎంఆర్‌ఐ స్కానర్‌లో పడుకున్న పురుషుల కాలిని ప్రతిసారీ ఒక మహిళే నిమిరారు. కానీ కొన్నిసార్లు నిమిరేది పురుషుడని వారు నమ్మేలా చేశారు. స్పర్శ మారకపోయినా, తాకేది ఎవరన్న నమ్మకాన్ని బట్టి స్పర్శను గ్రహించే మెదడు భాగం స్పందన మారింది.

ఇది పెద్దలపై చేసిన ప్రయోగమే. అయినా ఒక సంగతి స్పష్టం: ఒక స్పర్శ ఎలా అనిపించిందో దాన్ని పొందినవారే చెప్పగలరు. తాత దగ్గర నవ్వుతూ కూర్చునే పిల్లాడు మరొకరి ఒడిలో బిగుసుకుపోతే అది మొండితనం అని కొట్టిపారేయకూడదు.

‘మంచి స్పర్శ, చెడు స్పర్శ’ అన్న మాటల పరిమితీ ఇక్కడే ఉంది. వేధింపు నొప్పితోనే మొదలవ్వాలని లేదు. ఆటగా, బహుమతిగా, ‘మనిద్దరి రహస్యం’గా కూడా రావచ్చు. అందుకే ‘సురక్షితం, సురక్షితం కాదు’ అని చెప్పడం, దాంతోపాటు స్పష్టమైన నియమాలు నేర్పడం మేలు. లోదుస్తులు కప్పే భాగాలను స్నానం, వైద్యం వంటి అవసరం లేకుండా ఎవరూ తాకకూడదు. డాక్టరు చూసేటప్పుడు అమ్మో నాన్నో పక్కన ఉండాలి. ఒంటిని తాకే ఏ ఆటా రహస్యం కాకూడదు. ఆ భాగాలకు ముద్దుపేర్లు కాక అసలు పేర్లు తెలిసి ఉంటే, ఏం జరిగిందో పిల్లలు అర్థమయ్యేలా చెప్పగలరు.

రోజువారీ సాధన

చక్కిలిగింతలు పెడితే వచ్చే నవ్వు ఇష్టానికి గుర్తు కాదు; అది మన ప్రమేయం లేకుండానే వస్తుంది. పిల్ల ‘చాలు’ అన్న క్షణంలో చేయి ఆగితే, తన మాట పనిచేస్తుందని ఆమెకు తెలుస్తుంది. చుట్టాలను పలకరించడం మర్యాదే. నమస్కారమో, చేయి ఊపడమో, కౌగిలింతో పిల్లలనే ఎంచుకోనిస్తే ఆ మర్యాదకు లోటు రాదు. చెల్లెలు ‘వద్దు’ అంటే బుగ్గ గిల్లకూడదని అన్నకు చెప్పడమూ ఈ పాఠంలో భాగమే.

టీకా, పళ్లు తోమడం, రోడ్డు మీద చేయి పట్టుకోవడం వంటివాటిలో ‘వద్దు’ చెల్లదు. అప్పుడు కారణం చెప్పి, ‘ఏ చేతికి వేయించుకుంటావు?’ అని చిన్న ఎంపికైనా ఇవ్వవచ్చు.

ఇలాంటివి చెబితే పిల్లలు భయపడతారేమో అన్నది తల్లిదండ్రుల సందేహం. బడుల్లో ఇచ్చే రక్షణ పాఠాలపై 24 పరీక్షలను, 5,802 మంది విద్యార్థుల సమాచారాన్ని 2015లో కాక్రేన్ సమీక్ష పరిశీలించింది. పిల్లల అవగాహన, తమను తాము కాపాడుకునే నేర్పు పెరిగాయి. భయాందోళనలు పెరిగినట్లు ఆధారాలు కనిపించలేదు. అయితే ఈ పాఠాలు వేధింపులను నిజంగా ఎంత తగ్గిస్తాయో ఆ పరీక్షలు తేల్చలేదు. కాబట్టి కాపాడే బాధ్యత పిల్లల మీద వేసి పెద్దలు తప్పుకోలేరు.

పిల్లలు చెప్పినప్పుడు

చట్టమూ ఆ బాధ్యతను పెద్దలపైనే ఉంచింది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారందరూ పిల్లలే. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. పిల్లల వాంగ్మూలాన్ని వారి ఇంట్లో లేదా వారు కోరుకున్న చోట నమోదు చేయవచ్చు. ఆ సమయంలో పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. సాయం కోసం 1098 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇవన్నీ కదలాలంటే ముందు పిల్లల నోట మాట రావాలి. వచ్చినప్పుడు ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు?’ అని నిలదీయకుండా, ‘చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేమీ లేదు’ అని చెప్పడం ఇంట్లోవాళ్లు చేయాల్సిన మొదటి పని.