కొండనడకకు సగం బలమే కొలత

వేసవి సెలవులు దగ్గరపడగానే మధ్యతరగతి కుటుంబాలలో ఊటీ ప్రయాణం ప్రస్తావనకు వస్తుంది. సంవత్సరమంతా కుర్చీలో కూర్చుని పనిచేసినవారు, వంటింటికీ వాకిటికీ మధ్యనే తిరిగినవారు, అక్కడికి చేరిన మరునాడే కొండలెక్కడానికి బయలుదేరుతారు. కొండనడక ఉత్తమమైన వ్యాయామమే. దేహానికి తేలికదనం, పని చేయగల సామర్థ్యం, జఠరాగ్నికి దీప్తి, పెరిగిన కొవ్వుకు క్షయం వ్యాయామం వలన కలుగుతాయని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో వివరించారు. దానికి హద్దు విధించినవారు కూడా ఆ ఆచార్యులే. ఆ హద్దు మరచి తిరిగివచ్చినవారు మోకాళ్ళ నొప్పితో, దగ్గుతో, మూత్రపు మంటతో నా వద్దకు రావడం ఏటా చూస్తున్నాను.

నేల స్వభావం

వైద్యుడు రోగిని చూసే ముందు దేశాన్ని చూడాలని శాస్త్రం చెబుతుంది. ఇక్కడ దేశమంటే నేల, గాలి, నీరు. ఊటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు. ఆ ఎత్తులో వాయుపీడనం మన మైదానాలలో ఉన్నదానికి దాదాపు నాలుగింట మూడు వంతులే. కనుక ఇంటివద్ద రెండు అంతస్తులు సునాయాసంగా ఎక్కేవారికి కూడా అక్కడ ఆయాసం వస్తుంది. చల్లగాలి చెమటను వెంటనే ఆర్పివేయడం వలన దాహం తెలియదు; ఎండ తీక్ష్ణత కూడా తెలియదు.

పూర్వం ఆ కొండలపైన పచ్చికబయళ్ళు, లోయల మడతలలో షోలా అనే పొట్టి అడవులు మాత్రమే ఉండేవి. తోడా జాతివారు తమ గేదెలను ఆ పచ్చికలోనే మేపుకొనేవారు. వంటచెరకు కొరత తీర్చడానికి తెల్లదొరలు ఆస్ట్రేలియా నుండి వాటిల్, జామాయిల్ చెట్లను తెచ్చి నాటించారు. జామాయిల్ అక్కడికి చేరింది 1843లో. తరువాత పైన్ తోటలు కూడా వచ్చాయి. మన ఇళ్ళలో జలుబుకు వాడే నీలగిరి తైలానికి ఆ పేరు వచ్చింది ఈ కొండలనుండే; దానినిచ్చే చెట్టు మాత్రం పరదేశానిది. ఆ తోటల విస్తరణకు బలి అయినది పచ్చిక. వాననీటిని దూదివలె పీల్చుకుని మెల్లగా వాగులకు అందించేది ఆ పచ్చికే. పన్నెండేళ్ళకొకసారి నీలకురింజి పూసేది కూడా ఆ గడ్డివాలులలోనే; 2006లోనూ, 2018లోనూ అది పూసింది. కాబట్టి ఉన్న కాలిబాటను విడువక నడవడం ఆ నేలకు మనం చేయగలిగిన ఉపకారం.

అర్ధశక్తి అంటే ఏమిటి?

బలవంతుడైనా, నెయ్యి, పాలు వంటి స్నిగ్ధాహారం తీసుకునేవాడైనా, శీతకాలంలోనూ వసంతంలోనూ తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలి. ఇతర ఋతువులలో అంతకంటె తక్కువ. ఆ సగాన్ని గుర్తుపట్టే లక్షణాలను గురుకులంలో మాకు తొలినాళ్ళలోనే నేర్పారు. నుదుటిపైన, ముక్కుపైన, చంకలలో చెమట పోయడం, నోరు ఎండడం, శ్వాస నోటితో తీయవలసిరావడం. ఇవి కనబడగానే ఆగాలి. పక్కవారితో ఆగకుండా మాట్లాడగలిగినంత వేగమే మీ వేగం. చేరిన మొదటి రోజు విశ్రాంతి, రెండవ రోజు అరగంట నడక, ఆపైన మెల్లగా పెంచడం శ్రేయస్కరం. అజీర్ణం ఉన్నవారు, జ్వరం నుండి కోలుకుంటున్నవారు ఆ రోజుకు మానాలి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు తమ వైద్యుని అనుమతి లేకుండా బయలుదేరరాదు; వాడుతున్న మాత్రలు మానరాదు. ఛాతీలో బరువు, ఎడమచేతి లాగుడు, తల తిరగడం కలిగితే నడక అక్కడితో చాలించి ఆసుపత్రికి వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారి జేబులో బెల్లంముక్క గాని చక్కెర గాని ఉండి తీరాలి.

నడిచే విధానం

గొడుగు, పాదరక్షలు ధరించి, నాలుగు మూరల మేర ముందు చూస్తూ నడవాలని వాగ్భటుల సూచన. కర్ర, తలపాగా, తోడు రాత్రివేళకు చెప్పినవైనా కొండపైన పగలు కూడా అవసరమే. పైన్ తోటలో రాలిన సూదుల వంటి ఆకులు, జామాయిల్ తోటలో ఊడిపడిన బెరడు, తడి తగిలితే నూనె పోసిన నేలవలె జారుతాయి. పచ్చికలో గడ్డి దుబ్బుల మధ్య గుంటలు, బురదనేలలు కనబడవు. ముందు కర్రతో తాకి చూసి అడుగు వేయండి. మోకాళ్ళకు భారం ఎక్కేటప్పటికంటె దిగేటప్పుడే ఎక్కువ. చిన్న అడుగులు వేస్తూ, మోకాలు కొద్దిగా వంచి దిగాలి. తోటలలో అడవిదున్నలు ఎదురైతే దూరంగా తొలగిపోవాలి. ఫోటో కోసం దగ్గరకు పోవడం ప్రాణాపాయం.

మార్గంలో మరుగు లేదని స్త్రీలు నీరు త్రాగడం మాని, మూత్రాన్ని ఆపుకొంటారు. వేగధారణ రోగహేతువని మన శాస్త్రమంతా ఘోషిస్తున్నది. బయలుదేరేముందే ఏర్పాటు చూసుకుని, గోరువెచ్చని నీటిని గుక్కెడు గుక్కెడుగా త్రాగుతూ ఉండండి.

ఎండిన గడ్డి

2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో నడకకు వెళ్ళినవారిని కార్చిచ్చు చుట్టుముట్టగా ఇరవైమందికి పైగా మరణించారు. మంచుకు మాడి, ఎండకు ఎండిన గడ్డి క్షణాలలో అంటుకుంటుంది. మంట వాలుమీద పైకి మనిషికంటె వేగంగా పరుగెత్తుతుంది. అటవీశాఖ అనుమతి, స్థానిక మార్గదర్శి లేకుండా గడ్డికొండలలోకి వెళ్ళవద్దు. పొగ కనిపిస్తే పైకి పరుగెత్తక, రాతినేల వైపో నీటివైపో తొలగండి. అగ్గిపుల్ల, బీడీ, వంటపొయ్యి అక్కడ నిషిద్ధం.

సీసాలోని తైలం

ఊటీనుండి నీలగిరి తైలం, గంధపూర తైలం సీసాలు తేనివారుండరు. ఇవి బాహ్యప్రయోగానికి మాత్రమే. నీలగిరి తైలం ఒక్క చెంచా లోపలికి పోయినా పసిపిల్లలకు మూర్ఛ రావచ్చు. శిశువుల ముక్కుకు, ముఖానికి రాయరాదు. గంధపూర తైలం నొప్పులకు మంచిదే. కాని రక్తం పలుచబరచే మందులు వాడేవారు దానిని తాకవద్దు. పొరపాటున ఎవరైనా త్రాగితే వాంతి చేయించే ప్రయత్నం మాని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. సీసాలు పిల్లలకందని ఎత్తులో ఉంచండి.

దిగివచ్చిన తరువాత

చెమట ఆరి, శ్వాస కుదుటపడిన తరువాత గోరువెచ్చని నువ్వులనూనెతో పిక్కలు, మోకాళ్ళు, పాదాలు మెల్లగా మర్దించి, అరగంటకు వేడినీటితో ఒళ్ళు కడుక్కోండి. తలకు మాత్రం మరీ వేడినీరు పనికిరాదు. మధుమేహులు కాలివేళ్ళ సందులు పరీక్షించుకోవాలి. చిటికెడు శొంఠిపొడి, కొద్దిగా బెల్లం వేసి కాచిన నీరు అరగ్లాసు త్రాగితే చలి, బడలిక తీరుతాయి. కడుపులో మంట ఉన్నవారు శొంఠి మాని ధనియాల నీరు త్రాగవచ్చు. రాత్రికి తేలికగా పెసరపప్పు కట్టు, అన్నం చాలు. మరునాడు ఉదయం లేచేసరికి ఒళ్ళు తేలికగా, ఆకలి చురుకుగా ఉంటే మీ నడక సరైన పాళ్ళలో సాగినట్లు. ఒళ్ళు బరువుగా, నోరు అరుచిగా ఉంటే ఆ రోజు దూరాన్ని సగానికి తగ్గించండి.