పైకప్పు మీద పావురాలు

పిల్లలూ! సోలాపూరులోని సాఖర్‌పేట, భద్రావతి పేట వంటి చోట్ల తెల్లవారగానే రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి మగ్గాల చప్పుడు. రెండవది పైకప్పు రేకుల మీద పావురాల గోళ్ల చప్పుడు. మొదటిది మనకు కూడు పెడుతుంది. రెండవది ఆ కూటికి ఎట్లా అడ్డు వస్తుందో, అందుకు మనం ఏమి చేయవచ్చునో తెలుసుకొందాం.

మన పెద్దలు నేతపనినే నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి ఈ ఊరికి వచ్చారు. 1877లో ఇక్కడ నూలుమిల్లు వెలసింది. తరువాత మరమగ్గాలు పెరిగాయి. సోలాపూరు దుప్పట్లు, తువ్వాళ్లు దేశమంతటా పేరు పొందాయి. మన పేటలలో ఇల్లు, కార్ఖానా పక్కపక్కనే ఉంటాయి. కొన్నిచోట్ల రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి. అటువంటి చోట కప్పు కారితే తడిసేది మన పడక మాత్రమే కాదు. మగ్గం మీది పడుగు కూడా తడుస్తుంది. మరక పడిన దుప్పటికి పూర్తి ధర రాదు. కనుక నేతవారి ఇంట కప్పును కాపాడుకోవడమంటే కూలిని కాపాడుకోవడమే.

పావురం ముక్కుతో పొడిస్తే రేకుకు చిల్లు పడదు కదా! మరి హాని ఎట్లా కలుగుతుంది? పక్షుల రెట్టలో ఆమ్లం ఉంటుంది. రెట్ట ఒకేచోట పేరుకొని తేమ తగిలితే, ఇనుప రేకు మీది జింకు పూత క్రమంగా పాడవుతుంది. పూత పోయిన చోట తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన చోట చిల్లు పడుతుంది.

రెండవ హాని గూళ్ల వలన కలుగుతుంది. పుల్లలు, ఈకలు, దారపు ముక్కలు చూరు వెంట నీరు పారే దోనెలో పడతాయి. దోనె పూడిపోతే వాననీరు వెనుకకు తన్ని గోడలోకి దిగుతుంది. సోలాపూరులో సెప్టెంబరు వానలు గట్టివి. లోపం ఎక్కడ ఉన్నదో అప్పుడు బయటపడుతుంది.

మూడవది చాలామంది గమనించనిది. గోరింకలు, కోకిలలు, కాకులు మర్రిపండ్లు, రావిపండ్లు తింటాయి. ఆ గింజలు వాటి కడుపులో అరగక రెట్టతో బయటికి వస్తాయి. మట్టి మిద్దె పగులులోనో, గచ్చు అంచులోనో పడి మొలుస్తాయి. వేరు లావైన కొద్దీ పగులు వెడల్పవుతుంది. రెండాకుల మొలకను వేలితో పెరికివేయవచ్చు. అదే రెండేళ్లు వదిలేస్తే గోడ పగులగొట్టవలసి వస్తుంది. పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. కనుక వేరుతో తీసి, పగులును సిమెంటుతో పూడ్చాలి.

అయితే పక్షులు మనపై పగతో రావు. వాటిని పిలిచేది మనమే. కప్పు మీద గింజలు చల్లుతాము. గోడకూ రేకుకూ మధ్య సందు వదులుతాము. కార్ఖానా బయట తెగిన నూలు పోగులు పారవేస్తాము. ఆ పోగులను అవి గూటికి మోసుకుపోతాయి. ఒక్కొక్కసారి పిల్లల కాళ్లకు దారం చుట్టుకొని, పాపం, కాలే పోతుంది. నూలు వ్యర్థాన్ని సంచిలో కట్టి ఉంచితే కప్పుకూ మేలు, పక్షికీ మేలు.

స్విట్జర్లాండులో బాసెల్ అనే నగరం ఉన్నది. అక్కడ ఏళ్ల తరబడి వేలాది పావురాలను చంపినా వాటి సంఖ్య తగ్గలేదు. 1988లో పద్ధతి మార్చారు. మేత వేయడం తగ్గించండని ప్రజలకు నచ్చజెప్పారు. సుమారు నాలుగేళ్లలో పావురాలు సగానికి తగ్గాయి. మన రాష్ట్రంలోనూ 2025లో ముంబయిలోని కబూతర్‌ఖానాలలో మేత వేయడాన్ని ఆపించినప్పుడు పెద్ద చర్చ జరిగింది. గింజలు వేయడం పుణ్యమని నమ్మే అవ్వలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వారిని ఎదిరించనక్కరలేదు. "అవ్వా, కప్పు మీద వద్దు, వేసవిలో చెట్టు కింద మూకుడులో నీళ్లు పెడదాము" అని చెబితే సరిపోతుంది.

సందులను మూయడమే అసలు మందు. అర అంగుళం కన్నుల ఇనుప జాలీని రేకుల చివర బిగించాలి. పావురాలు కూర్చునే అంచు మీద పలకను ఏటవాలుగా అమర్చితే అవి నిలువలేవు. మెరిసే కాగితాలకు అవి కొద్ది రోజులలోనే అలవాటు పడతాయి. విషం, జిగురు వాడడం క్రూరత్వం.

మూసే ముందు లోపల గూడు ఉన్నదేమో చూడాలి. పావురం సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. సుమారు 18 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. మరో నెల, నెలపదిరోజులకు ఎగిరిపోతాయి. అంతవరకు ఓర్చుకోవాలి. అవి ఎగిరిన వెంటనే మూయాలి. ఆలస్యం చేస్తే తల్లి మళ్లీ గుడ్లు పెడుతుంది. పిల్లలను లోపల ఉంచి సందు మూస్తే అవి ఆకలితో చస్తాయి. అటువంటి పని మన చేతుల మీదుగా జరగరాదు.

ఎండిన రెట్టను పొడిగా ఊడ్వరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. నూలు దుమ్ములో పనిచేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ముక్కుకు గుడ్డ కట్టుకొని, సబ్బు నీళ్లతో నానబెట్టి తీయాలి. పాత సిమెంటు రేకుల మీద కాలు పెట్టరాదు. అవి ఉన్నట్టుండి విరుగుతాయి. వాటిని గీకితే హానికరమైన పొడి లేస్తుంది. ఈ పని పెద్దలది. పిల్లలు నేల మీద నిలబడి సందులను చూసి చెబితే చాలు.

మరి పిచ్చుక సంగతి? దాని వలన కప్పుకు జరిగే నష్టం స్వల్పం. పైగా ఎన్నో నగరాలలో పిచ్చుకలు తగ్గిపోతున్నాయి. అందుకే 2010 నుండి మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినంగా జరుపుతున్నారు. దాని సందు మూసినప్పుడు, గోడకు నీడపట్టున ఒక చిన్న చెక్కపెట్టె వేలాడదీయండి. మన ఇల్లు మనకు ఉంటుంది. దాని ఇల్లు దానికి ఉంటుంది.

జూన్ నెలలో తొలి వాన పడకముందే ఒక ఆదివారం ఇంటి చుట్టూ తిరిగి చూడండి. కప్పు గట్టిగా ఉంటే మగ్గం ఆగదు.

ప్రశ్నలు

1. పక్షుల వలన పైకప్పుకు కలిగే మూడు హానులు ఏవి?
2. గూడు ఖాళీ అయిన తరువాతనే సందు ఎందుకు మూయాలి?
3. మీ ఇంటి చూరును గమనించి, చూసినది ఐదు వాక్యాలలో రాయండి.