లోవర్ చేసిన కారులో టైరు రాసుకుంటోందా? మడ్‌గార్డ్ మీద సుత్తి పడకముందే ఇది చూడండి

కామెంట్లలో మీరు తెగ అడుగుతున్న ప్రశ్న ఇది. "అన్నా, కారు లోవర్ చేయించా, కొత్త అలాయ్స్ వేయించా, లుక్ అదిరిపోయింది. కానీ వెనక ముగ్గురు కూర్చుంటే స్పీడ్ బ్రేకర్ మీద గర్ర్‌మని సౌండ్ వస్తోంది. ఫెండర్ రోలింగ్ చేయించేయనా?"

ఇప్పుడే వద్దు. ముందు ఆ సౌండ్ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెడదాం. మన గ్యారేజీల్లో చాలాచోట్ల సౌండ్ అనగానే వెనక మడ్‌గార్డ్ అంచు మడిచేస్తారు. తీరా చూస్తే తగిలేది ముందు బంపర్ స్క్రూకి. డబ్బులు పోయాయి, పెయింట్ పోయింది, సౌండ్ మాత్రం అక్కడే ఉంది.

సౌండ్ కన్నా పెద్ద విషయం టైరు. నేలకి తగిలే ట్రెడ్ మందంగా ఉంటుంది, దాని కింద స్టీల్ బెల్టులుంటాయి. అది ప్లాస్టిక్ లైనింగ్‌కి కాస్త రాసుకున్నా వెంటనే కొంప మునగదు. పక్క గోడ అలా కాదు. అదే సైడ్‌వాల్. అక్కడ రబ్బరు పల్చన, లోపల దారాల పొర. మడ్‌గార్డ్ రేకు అంచు కత్తిలా ప్రతి గుంతలోనూ ఒకే వరసలో గీస్తుంటే ఒకరోజు ఆ దారాలు తెగుతాయి. సైడ్‌వాల్ తెగితే పంచర్ వేయించుకుని తిరగడం కుదరదు, టైరు మార్చాల్సిందే. అది గల్లీలో తెగితే అదృష్టం. ఓఆర్ఆర్ మీద వందలో పోతుండగా, కారు నిండా ఫ్రెండ్స్ ఉన్నప్పుడు తెగితే?

సరే, ఎలా కనిపెట్టాలి? ఓ సుద్దముక్క, ఓ మాస్కింగ్ టేపు చాలు. మడ్‌గార్డ్ లోపలి అంచంతా సుద్ద రాయండి. ప్లాస్టిక్ లైనింగ్ మీద టేపు ముక్కలు అంటించండి. తర్వాత నలుగురిని ఎక్కించి, డిక్కీలో బరువు పెట్టి, మీకు రోజూ సౌండ్ వచ్చే దారిలోనే మెల్లగా ఒక రౌండ్ వేయండి. ఖాళీ కారుతో టెస్ట్ చేసి "ఏం లేదన్నా" అంటే లాభం లేదు. తిరిగొచ్చాక సుద్ద ఎక్కడ చెరిగింది, టేపు మీద నల్ల మరక ఎక్కడ పడింది చూడండి.

పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే వస్తే, సాధారణంగా ముందు లోపలి వైపు లైనింగ్. మలుపులో గుంత పడినప్పుడు వస్తే, బంపర్, మడ్‌గార్డ్ కలిసే మూలలో ఉన్న స్క్రూ. ఈ స్క్రూని ఎవరూ పట్టించుకోరు, నేను మాత్రం ముందు దాన్నే చూస్తాను. మనుషులు ఎక్కాకే వస్తే వెనక మడ్‌గార్డ్ అంచు. ఇక సౌండ్ పెద్దగా రాకుండా పని కానిచ్చేది ఇంకోటుంది. టైరు లోపలి గోడకి, షాక్ అబ్జార్బర్ మీద స్ప్రింగ్ కూర్చునే ప్లేటుకి మధ్య సందు. అక్కడ వేలు దూర్చి చూడండి. ఐదు మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే నేనైతే ఆ కారు హైవే ఎక్కించను.

ఇప్పుడు కొంచెం లెక్క. బోర్ కొట్టినా వినండి, అలాయ్స్ కొనేముందు ఈ లెక్క వేసుకుంటే సగం సమస్య రాదు. రిమ్ మీద "6జె ఈటీ 45" లాంటి గుర్తుంటుంది. మొదటిది అంగుళాల్లో వెడల్పు. ఈటీ అంటే ఆఫ్‌సెట్, రిమ్ మధ్య గీత నుంచి హబ్‌కి బిగించే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో చెప్పేది. ఈటీ తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. మీ పాత రిమ్ 6జె ఈటీ 45 అనుకోండి, షాపతను 7జె ఈటీ 38 ఇచ్చాడు. వెడల్పు ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది. లెక్కేస్తే బయటి అంచు దాదాపు 20 మిల్లీమీటర్లు బయటికొచ్చింది, లోపలి అంచు 6 మిల్లీమీటర్లు లోపలికెళ్లింది. అంటే ఒకేసారి మడ్‌గార్డ్‌కీ, షాక్ అబ్జార్బర్‌కీ దగ్గరయ్యారు. దీని మీద స్పేసర్లు కూడా వేస్తే ఇంకా బయటికి.

టైరు ఎత్తు కూడా చూడాలి. 185/65 ఆర్15 టైరు మొత్తం ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు. 16 అంగుళాల రిమ్‌కి 195/55 వేస్తే అదీ 621. అదే 205/55 వేస్తే 632, ఆర్చ్‌కీ టైరుకీ మధ్య గ్యాప్ 5 మిల్లీమీటర్లు తగ్గినట్టే. 205/50 వేస్తే 611, ఇటువైపు 5 మిల్లీమీటర్లు దొరుకుతాయి. టైరు మీద సైజు పక్కన ఉండే లోడ్ ఇండెక్స్ నంబరు మాత్రం కంపెనీ టైరు కన్నా తగ్గకూడదు.

ఇక అసలు నాకు కోపం తెప్పించే పని, స్ప్రింగ్ కటింగ్. గ్రైండర్‌తో రెండు చుట్లు కోసేస్తే కారు కిందికొస్తుంది, నిజమే. ఖర్చు కూడా తక్కువే. కానీ షాక్ అబ్జార్బర్ రాడ్ మీద ఒక రబ్బరు ముక్క ఉంటుంది, బంప్ స్టాప్ అంటారు. చక్రం ఒక హద్దు దాటి పైకి రాకుండా ఆపేది అదే. టైరుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య కాపలా అన్నమాట. కారు బాగా దించాక ప్రతి గుంతలో దాని మీదే కూర్చుని దడ్ దడ్ అంటుంది. "సౌండ్ తగ్గిస్తా" అని దాన్ని కూడా కోసేస్తారు. కాపలావాడిని పంపించేశాక టైరు నేరుగా రేకుకి కొడుతుంది మరి. ఇంకో ప్రమాదం, కోసిన స్ప్రింగ్ పొట్టిగా ఉంటుంది కాబట్టి చక్రం కిందికి వేలాడినప్పుడు లూజై తన సీటులోంచి జరిగిపోవచ్చు. మీది కట్ చేసిన స్ప్రింగైతే రోలింగ్ గురించి తర్వాత మాట్లాడదాం, ముందు ఆ కారుకి తయారుచేసిన లోవరింగ్ స్ప్రింగులు, వాటికి సరిపడే షాక్ అబ్జార్బర్లు వేయించండి. కారుని బట్టి బంప్ స్టాప్ పొడవు ఎంతుండాలో స్ప్రింగ్ తయారుచేసినవాళ్లు చెప్తారు, అంతే ఉంచాలి.

తగిలే చోటు దొరికాక చౌకైన పని నుంచి మొదలుపెట్టండి. బంపర్ స్క్రూ అయితే బల్లపరుపు తల ఉన్న స్క్రూ మార్చి, ఆ ప్లాస్టిక్ చెవిని కొంచెం చెక్కితే చాలు. లైనింగ్ అయితే హాట్ ఎయిర్ గన్‌తో వేడిచేసి లోపలికి నొక్కండి. పూర్తిగా పీకేయకండి, మొదటి వానకే బురదంతా వైరింగ్ మీదకి పోతుంది. కాయిలోవర్స్ ఉంటే 10 మిల్లీమీటర్లు పైకి లేపండి. మీ ఇన్‌స్టా ఫోటోలో ఆ 10 మిల్లీమీటర్లు ఎవరికీ కనపడవు, ఒట్టు. క్యాంబర్ ఒక డిగ్రీ నెగెటివ్ పెంచినా టైరు పైభాగం లోపలికి వంగి సందు దొరుకుతుంది. కానీ అతి చేస్తే లోపలి అంచు అరిగిపోతుంది. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక ట్విస్ట్ బీమ్ యాక్సిల్ ఉంటుంది, అక్కడ క్యాంబర్ సర్దే బోల్టే ఉండదు. కారు దించాక ఏది చేయించినా చేయించకపోయినా అలైన్‌మెంట్ మాత్రం తప్పదు.

ఇవన్నీ అయ్యాకా వెనక అంచుకే తగులుతుంటే అప్పుడు రోలింగ్. ముందు మడ్‌గార్డ్ బోల్టులతో బిగించిన విడి రేకు, పాడైతే మార్చుకోవచ్చు. వెనకది అలా కాదు. అది బాడీతో వెల్డ్ అయిన ప్యానెల్, అంచు దగ్గర లోపలి రేకు, బయటి రేకు అతుక్కుని ఉంటాయి. అక్కడ తప్పు జరిగితే టింకరింగ్, పెయింటింగ్ కలిపి చాలా ఖర్చు. చక్రం విప్పి, హబ్‌కి బిగించే రోలర్ టూల్ వాడేవాడి దగ్గరికే వెళ్లండి. పెయింట్ వేడెక్కేలా హీట్ గన్ పట్టుకుని, కొంచెం కొంచెంగా నాలుగైదు దఫాల్లో అంచు మడవాలి. టైరుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య ఇనప పైపు పెట్టి కారు ముందుకీ వెనక్కీ నెట్టేవాడు కనిపిస్తే అక్కడినుంచి కారు తీసుకొచ్చేయండి. ఆ ప్యానెల్‌కి ఇంతకుముందు పుట్టీ పని జరిగుంటే ముందే చెప్పండి, పుట్టీ వంగదు, పగులుతుంది. మడిచాక ఆ అంచులో ప్రైమర్, సీలెంట్ వేయించకపోతే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలిలో తిరిగే కార్లకి ఇది మరీ ముఖ్యం.

ఇంకో మాట, స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన కాలనీల్లో ఉండేవి ఎలా ఉంటాయో మీకు తెలుసు. లోవర్ కారుని వాటి మీద ఏటవాలుగా ఎక్కించడం అందరికీ అలవాటు. బంపర్‌కీ, అడుగుకీ అది మంచిదే. కానీ అలా ఎక్కినప్పుడు ఒక్కో చక్రం విడిగా పైకి నొక్కుకుంటుంది, పైగా స్టీరింగ్ తిరిగి ఉంటుంది. టైరు రాసుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం లేదు. మీ కారుకి బంపర్ తగులుతోందా, టైరు తగులుతోందా అన్నదాన్ని బట్టి నడపండి. టైరైతే నేరుగా, నడక వేగంలో.

లీగల్‌గా ఎంతవరకు ఓకే అని కూడా అడిగారు. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ టైంలో బయటపడితే పేచీ వస్తుంది. మార్పులు చేయించేముందే ఆర్టీఏలోనూ, ఇన్సూరెన్స్ వాళ్లనీ అడగండి.

ఇప్పటికే కొన్నాళ్లుగా రాసుకుంటున్న కారైతే ఈ వీడియో ఆపి నాలుగు టైర్ల పక్క గోడలూ చూడండి, లోపలివైపు కూడా, ఫోన్ టార్చ్ వేసి. గీత మీద గోరు పెట్టండి. గోరు లోతుగా దిగినా, దారం కనిపించినా, ఎక్కడైనా బుడగలా ఉబ్బినా ఆ టైరు తీసేసి స్టెప్నీ వేయండి. స్టెప్నీ సైజు చిన్నదైతే మెల్లగా టైర్ల షాపు వరకే. కొత్త టైరు వేశాక పాత రాపిడి అలాగే ఉంటే దానికీ అదే గతి, కాబట్టి సుద్ద, టేపు టెస్ట్ అదే రోజు చేయండి. మరకల ఫోటో, మీ రిమ్ సైజు, ఈటీ, టైరు సైజు కామెంట్‌లో పెడితే లెక్క వేసి చెప్తాను.