మినీ ట్రాక్టర్‌కి ఎన్నడుగుల రోటావేటర్ పెట్టాలి?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న మాట్లాడుకుందాం. ఇంట్లో మినీ ట్రాక్టర్ ఉంది, లేదంటే కొనబోతున్నారు. దానికి రోటావేటర్ మూడడుగులది పెట్టాలా, మూడున్నరా, నాలుగా? ఎవర్ని అడిగినా ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: "పెద్దది తీసుకో తమ్ముడూ, పని తొందరగా అయిపోతుంది." వినడానికి బాగుంటుంది. కానీ బండికి మించిన రోటావేటర్ తగిలిస్తే పని ఇంకా ఆలస్యం అవుతుంది. ఎలాగో లెక్కేసి చూపిస్తాను. ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి పెట్టుకోండి.

గంటకి ఎంత నేల దున్నుతాం అనేది రెండిటి మీద ఉంటుంది: వెడల్పు, వేగం. నాలుగడుగులంటే సుమారు 1.22 మీటర్లు. బండి లోడ్ లాగలేక గంటకి 2 కిలోమీటర్ల వేగంతో పాకుతోంది అనుకోండి. మలుపులు వదిలేసి లెక్కేస్తే గంటకి 0.6 ఎకరం వస్తుంది. ఇప్పుడు మూడడుగులది, అంటే 0.91 మీటర్లు. బండి తేలిగ్గా 3 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. గంటకి 0.67 ఎకరం. చూశారా, చిన్నదే ఎక్కువ దున్నింది. పైగా ఇంజన్ ఏడవలేదు, పొగ కక్కలేదు.

అందుకే సైజు ఎంచుకునే ముందు మూడు కొలతలు తీసుకోవాలి. ఒకటి బండి బలం, రెండు టైర్ల వెడల్పు, మూడు మీ నేల, మీ పంట.

మొదటిది బలం. బానెట్ మీద రాసి ఉండే హెచ్‌పీ ఇంజన్‌ది. రోటావేటర్‌ని తిప్పేది వెనకాల ఉండే పీటీవో. ఇంజన్ నుంచి అక్కడికి వచ్చేసరికి బలం సుమారు 10 నుంచి 15 శాతం తగ్గుతుంది, కొన్ని బండ్లలో కొంచెం అటూఇటూ. బండితో ఇచ్చిన పుస్తకంలో పీటీవో హెచ్‌పీ ఎంతో విడిగా రాసి ఉంటుంది. ఆ అంకె పట్టుకోండి. తేలికపాటి ఎర్ర నేలలైతే దాన్ని 6తో భాగించండి. నల్లరేగడి అయితే 7తో. వచ్చిన జవాబే మీ బండి మోయగలిగిన అడుగులు. ఇది మోటు అంచనానే, కానీ చాలావరకు దారి తప్పనివ్వదు.

ఉదాహరణకి పీటీవో దగ్గర 22 హెచ్‌పీ ఇచ్చే బండి. ఎర్ర నేలలో 22ని 6తో భాగిస్తే సుమారు 3.7, అంటే మూడున్నర అడుగులది సరిపోతుంది. నల్లరేగడిలో 7తో భాగిస్తే 3.1, అంటే మూడడుగులది. బండి అదే, నేల మారితే సైజు మారింది. పక్కూరి అన్న నాలుగడుగులది వాడుతున్నాడని మనమూ అదే కొంటే ఇక్కడే దెబ్బ తింటాం. ఆయన నేల వేరు కావచ్చు, బండి వేరు కావచ్చు.

రెండోది టైర్లు. ఇది చాలామంది కొలవరు. టేపు తీసుకుని వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు దాకా కొలవండి. రోటావేటర్ దున్నే వెడల్పు దీనికంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువుంటే మంచిది, కనీసం సమానంగానైనా ఉండాలి. తక్కువైతే టైరు తొక్కిన అచ్చు దున్నకుండా మిగిలిపోతుంది. మిగతా నేలంతా మెత్తగా, ఆ రెండు గీతలు మాత్రం గట్టిగా. అక్కడ విత్తనం సరిగ్గా దిగదు, మొలక కూడా సమానంగా రాదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఇందాకటి బండికి టైర్ల వెడల్పు 42 అంగుళాలు అనుకుందాం. ఎర్ర నేలలో మూడున్నర అడుగులది సరిగ్గా 42 అంగుళాలు, గొడవే లేదు. నల్లరేగడిలో లెక్క ప్రకారం మూడడుగులది, అంటే 36 అంగుళాలు. రెండు పక్కలా మూడేసి అంగుళాలు మిగిలిపోతాయి. ఇక్కడే "అయితే పెద్దది కొనేద్దాం" అనిపిస్తుంది. ఆగండి. ఇంకా రెండు దారులున్నాయి.

ఒకటి, రోటావేటర్‌ని ఒక పక్కకి జరిపి బిగించడం. చాలా చిన్న మోడళ్లలో దానికి వీలుంటుంది. మూడంగుళాలు కుడికి జరిపితే కుడి టైరు అచ్చు పూర్తిగా కప్పేస్తుంది. ఎడమ పక్క మిగిలింది పక్క సాలులో కలిసిపోయేలా తోలుకోవాలి. రెండు, టైర్ల మధ్య దూరం తగ్గించడం. కొన్ని బండ్లలో రిమ్ములు తిప్పి బిగిస్తే దగ్గరవుతాయి. పుస్తకంలో ఉంటేనే చేయండి. దూరం తగ్గితే బండి పక్కకి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. వాలు పొలాల్లో, గట్లు ఎక్కి దిగే చోట ఈ పని వద్దు.

మూడోది పంట. ఖాళీ నేల దుక్కికైతే పై రెండు కొలతలు చాలు. సాళ్ల మధ్య అంతరకృషికైతే లెక్క వేరు. పత్తి సాళ్ల మధ్య మూడడుగులు ఉందనుకోండి. రెండు పక్కలా మొక్కకి అరడుగు వదిలితే మిగిలేది రెండడుగులే. రోటావేటర్ అందులో పట్టాలి, ట్రాక్టర్ కూడా సాళ్ల మధ్య పట్టాలి. 42 అంగుళాల బండి అక్కడ దూరదు. ఆ పని కోసమే కొంటుంటే ముందు బండి వెడల్పు చూడండి, రోటావేటర్ తర్వాత. బత్తాయి, నిమ్మ తోటల్లో చోటుకి ఇబ్బంది లేదు. కానీ ఆ చెట్ల పీచువేళ్లు పైపైనే ఉంటాయి, లోతుగా తిప్పితే తెగిపోతాయి. అక్కడ లోతు తగ్గించడమే ముఖ్యం.

బరువు కూడా చూసుకోండి. వెనక లిఫ్ట్ ఎత్తగలిగినంత మాత్రాన సరిపోదు. రోటావేటర్ ఎత్తగానే ముందు టైర్లు తేలిపోతుంటే స్టీరింగ్ మాట వినదు. ముందు బరువులు కట్టుకోవాలి, లేదంటే చిన్నదానికి దిగాలి.

డబ్బు కట్టే ముందు డెమో అడగండి. అదీ మీ పొలంలోనే, నేల పదును మీద ఉన్నప్పుడే. చిన్న గేరు వేసి, పీటీవో 540 తిరిగే దగ్గర ఇంజన్ నిలబెట్టి, నెమ్మదిగా దించమనండి. ఇంజన్ గొంతు బాగా పడిపోయి నల్లపొగ వస్తుంటే లోతు తగ్గించి చూడండి. అప్పటికీ అంతే అయితే ఆ సైజు మీ బండికి కాదు. గట్టి నేలలో బ్లేళ్లు దిగకుండా బండినే ముందుకి తోసేస్తుంటే కూడా జాగ్రత్త. అలాంటి నేలని ముందు కల్టివేటర్‌తో ఒకసారి దున్నాలి.

అన్నట్టు, రోటావేటర్‌తోనే ప్రతి ఏడూ అదే లోతులో తిప్పుతూ పోతే అడుగున గట్టి పొర తయారవుతుంది, నీళ్లు కిందికి దిగవు. మధ్యమధ్యలో లోతు దుక్కి కావాలి. పెద్ద రోటావేటర్ కొన్నా ఈ సంగతి మారదు.

చివరిగా ఒక్క మాట, దయచేసి వినండి. తిరుగుతున్న పీటీవో షాఫ్ట్ దగ్గరికి లుంగీతో, కండువాతో, వేలాడే చున్నీతో వెళ్లొద్దు. కవర్ లేకుండా నడపొద్దు. బ్లేళ్లకి గడ్డి చుట్టుకుంటే ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టండి. రోటావేటర్ మీద పిల్లల్ని కూర్చోబెట్టడం అసలే వద్దు.

సరే, ఇవాళ్టి హోంవర్క్ ఇది. పీటీవో హెచ్‌పీ, వెనక టైర్ల బయటి వెడల్పు, మీ నేల రకం, సాళ్ల దూరం ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. షోరూంలో ఎవరెన్ని అడుగులు చెప్పినా, ఆ నాలుగూ చూపించి "దీనికి ఏది సరిపోతుంది అన్నా?" అని అడగండి. అప్పుడు బేరం మీ చేతిలో ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో బ్లేళ్ల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.