పొదుగు వాస్తేనే జబ్బా?

పాడి రైతును నష్టపరిచే సూక్ష్మజీవుల్లో ‘స్టెఫైలోకాకస్ ఆరియస్’ ముందు వరుసలో ఉంటుంది. చీములో ద్రాక్షగుత్తుల్లా కనిపించే ఈ రకం బ్యాక్టీరియాను 1880లో స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ గుర్తించారు. దీని గురించి అపోహలు మాత్రం నేటికీ తగ్గలేదు.

అపోహ: పొదుగు వాచి, పాలు విరిగితేనే జబ్బు.

వాస్తవం: ఈ బ్యాక్టీరియా తెచ్చే పొదుగువాపు చాలాసార్లు పైకి కనిపించదు. పొదుగు మెత్తగానే ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి. దిగుబడి మాత్రం పడిపోతుంది. ఆ నింద మేత మీదకో, దిష్టి మీదకో పోతుంది. సీఎంటీ అనే పాల పరీక్షతో గుట్టు బయటపడుతుంది. నాలుగు గుంటల పళ్లెంలో ఒక్కో చన్ను పాలు విడిగా పితికి, ద్రావణం కలిపి తిప్పాలి. జబ్బున్న చన్ను పాలలో తెల్ల రక్తకణాలు ఎక్కువ కాబట్టి అవి జిగురుగా మారతాయి.

అపోహ: ఇంజెక్షన్ చేయిస్తే సూక్ష్మజీవి చచ్చినట్టే.

వాస్తవం: అది అంత తేలిగ్గా చావదు. దాని ఒంటిమీది ప్రొటీన్లు ఫైబ్రోనెక్టిన్ అనే పదార్థాన్ని పట్టుకుంటాయి. దాని ఆసరాతో అది పొదుగులోని కణాలకు అంటుకుంటుంది. కణమే దాన్ని లోపలికి లాక్కుంటుంది! చాలా యాంటీబయాటిక్‌లు అక్కడిదాకా సరిగా చేరవు. బయట ఉన్న బ్యాక్టీరియా కూడా ఊరుకోదు. ఆల్ఫా టాక్సిన్ అనే విషంతో కణాల పొరకు చిల్లులు పొడుస్తుంది. ప్రొటీన్-ఎ సాయంతో యాంటీబాడీలను తలకిందులుగా పట్టుకుని, రక్షక కణాలకు చిక్కకుండా తప్పించుకుంటుంది. మందు పడ్డాక తగ్గినట్టే తగ్గి జబ్బు తిరగబెట్టడానికి కారణం ఇదే.

అపోహ: మరిగిస్తే ఏ పాలకైనా భయం లేదు.

వాస్తవం: మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది. కానీ అది అప్పటికే పాలలో వదిలిన ఎంటరోటాక్సిన్ అనే విషం వేడికి తట్టుకుంటుంది. 2000లో జపాన్‌లో జరిగింది ఇదే. హొక్కైడోలోని ఒక కర్మాగారంలో కరెంటు పోయి, పాలు చల్లబడకుండా నిలవ ఉండిపోయాయి. వాటితో చేసిన పాలపొడి పాల ఉత్పత్తుల్లో కలిసింది. 13 వేల మందికి పైగా అస్వస్థులయ్యారు.

అపోహ: ఇది పశువుల నుంచే మనుషులకు అంటుతుంది.

వాస్తవం: రాకపోకలు రెండువైపులా ఉన్నాయి. మనుషుల్లో దాదాపు మూడో వంతు మంది ముక్కులో ఈ బ్యాక్టీరియా ఏ జబ్బూ చేయకుండా కాపురముంటుంది. పందుల్లో కనిపించే మొండి రకం సీసీ398 మొదట మనుషుల నుంచే వాటికి చేరిందనీ, మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే శక్తి పశువుల్లోకి వెళ్లాకే సంపాదించిందనీ 2012లో జన్యు పరిశోధన తేల్చింది.

అందుకే పాలు పితికే ముందు చేతులు, చన్నులు కడిగి తుడవాలి. జబ్బు పశువు పాలు చివర పితకాలి. పితికిన వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, కొంతసేపు పశువు పడుకోకుండా మేత వేయాలి. ఎందుకంటే పితికాక కాసేపు చన్ను రంధ్రాలు తెరిచే ఉంటాయి. మందు మధ్యలో ఆపకండి. డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా ఆ పశువు పాలను పాల కేంద్రంలో పోయకండి.