మీకు తెలుసా? గేమ్ ఇంజిన్‌కు తెలుగు ఒత్తులు వచ్చిన ఏడాది

ఒడిశాలోని గోపాలపూర్ తీరాన తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు పడవ వేట మీద వీడియో గేమ్ చేయాలనుకుంటే, గేమ్‌లు తయారుచేసే ‘గోడో’ అనే ఇంజిన్‌కు పైసా కట్టనక్కర్లేదు. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మంజూర్ దీన్ని 2014లో అందరికీ ఉచితంగా వదిలారు. గేమ్ అమ్ముకున్నా వాటా అడగరు.

అయితే చాలాకాలం ఇందులో తెలుగు సరిగా పడేది కాదు. ‘సముద్రం’ అని టైపు చేస్తే ద కింద చేరాల్సిన ర ఒత్తు విడిపోయి, ‘సముద్‌రం’ అని కనిపించేది. కంప్యూటర్ ‘ద్ర’ను ద, పొల్లు, ర అనే మూడు సంకేతాలుగా దాచుకుంటుంది, వాటిని ఒక్క అక్షరంగా కూర్చే పనిముట్టు వేరే ఉండాలి. 2023 మార్చిలో వచ్చిన గోడో 4.0లో ‘హార్ఫ్‌బజ్’ అనే పనిముట్టు ఆ పని చేస్తోంది. ఒడియా సంయుక్తాక్షరాలూ దానితోనే కుదిరాయి. తెలుగు, ఒడియా రెండూ వినిపించే బరంపురం వంటి ఊరికి ఇది చాలా పెద్ద మేలు!

గేమ్ తయారుచేసే గోడో ఎడిటర్ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ నడుస్తుంది. ‘నోటో సాన్స్ తెలుగు’ వంటి ఉచిత ఫాంటు ఒకటి గేమ్‌తో జతచేస్తే, ఏ ఫోన్‌లోనైనా అక్షరాలు ఒకేలా కనిపిస్తాయి.